టక్కుమనే ఆర్గన్

కిందటి వేసవిలో మా మేనల్లుడు బెంగుళూరునుంచి ఫోను చేసి నన్నొక చిక్కులో పెట్టాడు. పగలంతా ఉద్యోగం, శనివారం రాత్రి ఒక జాజ్ బృందంలో కీబోర్డు వాయించడం – అదీ అతని జీవితం. అమెరికానుంచి తిరిగి వచ్చిన ఒక కుటుంబంవారు తమ పాత హామండ్ ఆర్గన్‌ను చవకగా అమ్మజూపుతున్నారట. మరోపక్క దుకాణాలలో, ఆ ఆర్గన్‌నే అనుకరించే డిజిటల్ వాద్యాలు, సంగీతకారులు ‘క్లోన్’లని పిలుచుకునేవి, నాలుగైదు రకాలున్నాయట. రెండేళ్ళుగా కూడబెట్టిన డబ్బు ఒక్కదానికే సరిపోతుంది. “మామయ్యా, మీరు ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్నవారు. సమీక్షలన్నీ చదివి ఏది కొనమంటారో చెప్పండి” అన్నాడు. మిల్టన్ మహాకవి స్వయంగా ఆర్గన్ వాయించేవాడని మాకు కాలేజీలో చెప్పారే గాని, ఆర్గన్ బేరమాడడం ఎలాగో చెప్పలేదు. అయినా చదవక తప్పలేదు.

హార్మోనియంలో పలికేది గాలి, వీణలో పలికేది తీగ. హామండ్ ఆర్గన్‌లో పలికేది ఉక్కుచక్రం. షికాగోలో విద్యుత్ గడియారాలు తయారుచేస్తూ వచ్చిన ఇంజనీరు లారెన్స్ హామండ్ 1934లో పేటెంటు పొంది, మరుసటి ఏట దీనిని విపణిలో పెట్టాడు. 1954 ప్రాంతంలో వచ్చిన బి-3 అనే సుప్రసిద్ధ నమూనాలో ఇటువంటి చక్రాలు 91 ఉంటాయి. ఒక మోటారు వాటన్నిటినీ ఎడతెగకుండా తిప్పుతుంది. ప్రతి చక్రపు అంచునా ఎగుడుదిగుళ్ళు, దాని పక్కనే ఒక అయస్కాంతం, చుట్టూ తీగచుట్ట. చక్రం తిరుగుతూంటే తీగలో అతి స్వల్పమైన విద్యుత్తు కంపిస్తుంది. అదే స్వరం. మెట్టు నొక్కగానే దాని అడుగున తొమ్మిది లోహపు తీగలు తాకుతాయి. మూలస్వరమూ, దానిని ఆశ్రయించి ఉండే అనుస్వరాలూ ఏ పాళ్ళలో కలవాలో డ్రాబార్లనే తొమ్మిది కడ్డీలను లాగి వాద్యకారుడే నిర్ణయించుకుంటాడు. వంటలో ఉప్పు, కారం పాళ్ళు చూసుకున్నట్లే.

ఆ పాత ఆర్గన్ సంగతి మోటారు దగ్గరే తేలిపోయింది. హామండ్ గడియారంలాగే ఈ మోటారు కూడా కరెంటు పౌనఃపున్యాన్ని బట్టి తిరుగుతుంది. అమెరికాలో అది సెకనుకు 60 ఆవృత్తులు, మన దేశంలో 50. వోల్టేజి తగ్గించడానికి ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. కాని ట్రాన్స్‌ఫార్మర్ పౌనఃపున్యాన్ని మార్చలేదు. అందుచేత అమెరికాకోసం చేసిన ఆర్గన్‌ను ఇక్కడ నడిపితే స్వరాలన్నీ మూడు అరస్వరాలకు పైగా దిగిపోతాయి. ఒకటో శ్రుతి మెట్టు నొక్కితే పలికేది కింది ఆరో శ్రుతి, అదీ కాస్త తక్కువగా! దీనికి విడిగా ఒక మార్పిడి పరికరం కావాలి. ఐరోపావంటి దేశాలకోసం 50 ఆవృత్తుల నమూనాలను కూడా ఆ కంపెనీ తయారుచేసింది. వీరిది ఆ రకం కాదు. ఆ రకమే అయినా, 1990లలో మన గ్రిడ్ పౌనఃపున్యం 49కి దిగిన రోజుల్లో అరస్వరంలో మూడోవంతు శ్రుతి జారి ఉండేదే. పక్కన వేణువు ఉంటే ఇక చెప్పనక్కరలేదు. పైగా మోత. బి-3 అయితే బల్లతో, పాదాల మెట్లతో కలిపి దాదాపు రెండు క్వింటాళ్ళు తూగుతుంది.

కాబట్టి నకలే గతి. ఏ నకలు?

ఇక్కడ నా వృత్తి కొంత అక్కరకు వచ్చింది. మూలంలో ఉన్న తప్పును అనువాదకుడు దిద్దాలా, ఉన్నదున్నట్లు తేవాలా అన్నది మాకు నిత్యం ఎదురయ్యే ప్రశ్న. హామండ్ ఆర్గన్‌లో మెట్టు నొక్కినప్పుడల్లా ‘టక్కు’మని ఒక చప్పుడు వస్తుంది, ఆ తొమ్మిది తీగలు ఒక్కసారిగా కాక ఒకదాని తరువాత ఒకటి తాకడంవల్ల వచ్చేది. ఇంజనీర్లు దానిని లోపమనుకుని అణచడానికి తంటాలు పడ్డారు. 1956నుంచి జిమ్మీ స్మిత్ రికార్డులు విన్నవారికి ఆ టక్కు లేకపోతే అది ఆర్గనే కాదు. ఇటువంటి లోపాలను ఎంత నిజాయితీగా తెచ్చారన్న దాని మీదనే క్లోన్ యోగ్యత ఆధారపడి ఉన్నదని నాకు తోచింది.

దుకాణంలో చేసి చూడమని మేనల్లుడికి కొన్ని పరీక్షలు రాసి పంపాను. ఆఖరి డ్రాబారు ఒక్కటే లాగి ఎడమనుంచి కుడికి వాయించు. చక్రాలు 91కి మించి లేవు గనుక, పై మెట్ల దగ్గర స్వరం ఇంకా పైకి పోవలసింది పోయి ఒక స్థాయి కిందికి దిగాలి. ఇంకా పైకి పోతే మరోసారి దిగాలి. దిగకుండా పైపైకి పోతూంటే ఆ తయారీదారు అసలుదానిని విప్పి చూడలేదన్నమాట. తరువాత ‘పర్కషన్’ మీట వెయ్యి. స్వరారంభంలో గంట కొట్టినట్లు ఒక పలుకు వినిపించి ఆరిపోవాలి. వేళ్ళెత్తకుండా కలిపి వాయిస్తే మొదటి స్వరానికే అది పలకాలి, తక్కినవాటికి పలకరాదు. ఆ మీట వేయగానే తొమ్మిదో డ్రాబారు మూగపోవాలి కూడా, ఎందుకంటే పర్కషన్ దాని తీగనే అరువు తెచ్చుకుంటుంది. ఇక డ్రాబార్లు నిజమైన కడ్డీలై ఉండాలి. కొన్నిటిలో బొత్తాలు, దీపాలు పెట్టారు. పాట మధ్యలో అరచేత్తో నాలుగింటిని ఒక్క ఊపున లాగడం బొత్తాలతో సాధ్యమయ్యే పని కాదు.

అసలు హామండే ఒక నకలన్న సంగతి ఈ చదువులో తెలిసి నవ్వుకున్నాను. చర్చిలలోని గొట్టాల ఆర్గన్‌కు చవక ప్రత్యామ్నాయంగా దానిని అమ్మేవారు. ఆ ప్రకటనలు అతిశయోక్తులని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆక్షేపించగా, షికాగో విశ్వవిద్యాలయపు ప్రార్థనామందిరంలో రెంటినీ చాటుగా వాయించి పరీక్ష పెట్టారు. సంగీతజ్ఞులే దాదాపు మూడోవంతుసార్లు పొరబడ్డారు. అయినా 1938లో కమిషన్ కొన్ని ప్రకటనలను మానుకోమని ఉత్తరువిచ్చింది. నేడు ఆ నకలుకు నకళ్ళు చేసేవారు, ఇదే అసలు హామండ్ నాదమని ప్రకటించుకుంటున్నారు. మన కచేరీలలో ఎలక్ట్రానిక్ తంబురా పెట్టె కూడా ఈ పాటికి తనకంటూ ఒక గౌరవం సంపాదించుకున్నది గదా!

అసలు కష్టం ఆర్గన్‌లో లేదు, స్పీకర్‌లో ఉంది. డాన్ లెస్లీ అనే ఆయన ఇంటికి ఆర్గన్ కొని తెచ్చుకుని, దుకాణంలో విన్న గాంభీర్యం ఇంట్లో లేదని నిరాశపడి, నాదాన్ని గిరగిర తిప్పే స్పీకర్ పెట్టెను తయారుచేశాడు. హామండ్‌కు చూపితే ఆయనకు నచ్చలేదు. లోకానికి నచ్చింది. పైన తారస్వరాలకు తిరిగే కొమ్ము, కింద మంద్రానికి తిరిగే డోలు; వేగం మార్చగానే కొమ్ము ఒక్క క్షణంలో అందుకుంటుంది, బరువైన డోలు కొన్ని సెకన్లు వెనకబడుతుంది. నకళ్ళలో ఎక్కువ భాగం ఇక్కడే దొరికిపోతాయి. వేగం పెంచినప్పుడు రెండూ కలిసి ఒకే ఊపున లేస్తే ఆ వాద్యాన్ని వదిలెయ్యమన్నాను. హెడ్‌ఫోన్లలో కాదు, వేదిక మీద పెట్టే స్పీకర్‌లోనే వినమన్నాను.

అతడు రెండు శనివారాలు దుకాణాలు తిరిగాడు. సెట్‌బీఫ్రీ అనే ఉచిత ప్రోగ్రామును కంప్యూటర్‌లో పెట్టుకుని, పైసా ఖర్చు లేకుండా ఇంట్లో చెవిని సానపట్టుకున్నాడు. ఈ సలహా మాత్రం నాది కాదు, అతని స్నేహితుడిది. చివరకు ఒకరు వాడి అమ్మిన, నిజమైన కడ్డీలున్న క్లోన్‌ను కొని, మిగిలిన డబ్బుతో లెస్లీని అనుకరించే చిన్న పెట్టె ఒకటి విడిగా తీసుకున్నాడు. మొన్న ఫోనులో వినిపించాడు. టక్కు బాగానే వినపడింది. డోలు వెనకబడిందో లేదో ఫోనులో నాకు తెలియలేదు.

ఆ కుటుంబంవారి ఆర్గన్ ఇంకా వారి వరండాలోనే ఉన్నదట. శ్రుతి సంగతి విన్నాక, ధర ఇంకా తగ్గిస్తామని కబురు పెట్టారు.