మంచాన పడ్డవారికి పింఛన్ సరే, చూసేవారి మాటేమిటి?

ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి నెలా ఒకటో తేదీన సచివాలయం ఉద్యోగి ఇంటికి వచ్చి పింఛన్ ఇస్తున్నారు. పక్షవాతంతోనో, ప్రమాదంలో నడుం విరిగో పూర్తిగా మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమైనవారికి 2024 జూలై నుంచి నెలకు 15,000 రూపాయలు అందుతున్నాయి. అంతకుముందు అది 5,000 మాత్రమే. ఈ పెంపును మేము అప్పుడూ స్వాగతించాం, ఇప్పుడూ స్వాగతిస్తున్నాం. కానీ ఆ మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పేది, ఒళ్లు తుడిచేది, బట్టలు మార్చేది, అన్నం కలిపి నోట్లో పెట్టేది ఎవరు? భార్యో, కోడలో, పెళ్లి కాని కూతురో. ఆమె పేరు ప్రభుత్వ రిజిస్టర్లలో ఎక్కడా లేదు.

రైతు సంఘానికి దీంతో ఏం పని అని కొందరు అడుగుతున్నారు. ఇది సేద్యం సంగతే. రెండు, మూడు ఎకరాలు కౌలుకు చేసే ఇంట్లో ఆడమనిషి పని సగానికి పైనే ఉంటుంది. నాట్లు, కలుపు, పత్తి తీత, గేదెల మేత, పాలు అన్నీ ఆమె చేతి మీదే నడుస్తాయి. ఇంట్లో ఒకరు మంచాన పడితే ఆ చేతులు పొలం నుంచి ఇంటికి మళ్లుతాయి. సొంత చేనులో కలుపుకు కూలీలను పెట్టుకోవాలి, బయట కూలికి వెళ్లడం మానుకోవాలి, గేదెను అమ్ముకోవాలి. రోజు కూలి 400 అనుకున్నా, నెలలో 20 రోజులు పోతే 8,000 నష్టం. దానికి మందులు, డైపర్లు, మూత్రం గొట్టం మార్చినప్పుడల్లా ఆటో ఖర్చు, పడక పుండ్లకు కట్లు కలపండి. 15,000 ఎటు పోయిందో ఆ ఇంటివారిని అడిగితే చెబుతారు. 2024లో కేంద్రం జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంట్లోవారి సంరక్షణ చూసే ఆడవారు రోజుకు సగటున 137 నిమిషాలు, మగవారు 75 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. ఇది అన్ని ఇళ్లకూ, పిల్లల పెంపకంతో సహా వేసిన సగటు. మంచాన పడ్డ మనిషి ఉన్న ఇంట్లో నిమిషాల లెక్క ఉండదు, రాత్రీ పగలూ అదే పని.

ఈ 15,000 కూడా కొద్దిమందికే. ఒక పక్క చెయ్యి, కాలు పడిపోయి, కూర్చోగలిగినా ఒకరు పట్టుకోకుండా దొడ్డికి వెళ్లలేని మనిషికి వచ్చేది 6,000. మతిమరుపు జబ్బు ముదిరిన ముసలమ్మకు వచ్చేది మామూలు వృద్ధాప్య పింఛన్ 4,000. ఆమె నడవగలదు కదా, అందుకని! నడవగలదు కాబట్టే ఆమెకు కాపలా మరీ ఎక్కువ కావాలి. పొయ్యి వెలిగించి మరిచిపోతుంది, గుమ్మం దాటి చెరువు వైపు వెళ్లిపోతుంది, సొంత కొడుకునే ఎవరు బాబూ అని అడుగుతుంది. ఇలాంటి ఇంట్లో ఒకరు పొలానికి వెళ్లాలంటే ఒకరు ఇంట్లో ఉండాలి, లేదా తలుపుకు తాళం వేయాలి. తాళం వేసే ఇళ్లను చూసి ఊరు తిట్టుకుంటుంది. ఆ ఇంటివాళ్లకు మరో దారి ఎవరూ చూపలేదు.

తెలంగాణలో పూర్తిగా మంచాన పడ్డవారికంటూ వేరే మొత్తం లేదు. వికలాంగులందరికీ 4,016 రూపాయలే. దాన్ని 6,000 చేస్తామని 2023 ఎన్నికల్లో మాట ఇచ్చారు. ఆ మాట నిలబెట్టుకోవాలని 2025లో వికలాంగులు రోడ్డెక్కాల్సి వచ్చింది.

ఇక కేంద్రం. వృద్ధాప్య పింఛన్‌లో కేంద్రం వాటా 60 నుంచి 79 ఏళ్ల వారికి నెలకు 200, 80 దాటితే 500. ఆ 200 పదిహేనేళ్లకు పైగా కదల్లేదు. ఈలోపు డీఏపీ బస్తా, డీజిల్, మందుబిళ్ల ధర ఎంత పెరిగిందో పాఠకులకు చెప్పాల్సిన పని లేదు. 70 దాటినవారికి 5 లక్షల ఆరోగ్య బీమా అని 2024 అక్టోబరులో ప్రారంభించారు. మంచిదే. అయితే అది ఆసుపత్రిలో చేరితే పనికొస్తుంది. ఆసుపత్రి వారు ఇక ఇంటికి తీసుకెళ్లండి అన్న తర్వాత మొదలయ్యే పదేళ్లకు అందులో ఒక్క రూపాయీ లేదు.

చట్టం లేదా అంటే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్‌లో, ఎక్కువ తోడ్పాటు అవసరమైన వికలాంగులకు సంరక్షకుల భత్యం ఇచ్చే పథకం పెట్టాలని రాసి ఉంది. ప్రభుత్వ ఆర్థిక స్తోమతకు లోబడి అన్న మాట కూడా అక్కడే ఉంది. ఆ ఒక్క మాట చాటున దాక్కుంటున్నారు. స్తోమత సంగతే చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 15,000 పింఛన్ తీసుకునేవారు 2025 ఆరంభంలో సుమారు 24 వేల మంది. వారిని చూసుకునే ఒక్కొక్కరికి నెలకు 5,000 చొప్పున ఇస్తే ఏడాదికి 150 కోట్ల లోపే. రాష్ట్రం ఇప్పుడు పింఛన్లకు ఒక్క నెలలో ఖర్చు పెట్టేది సుమారు 2,700 కోట్లు. అంటే ఏడాది పొడవునా ఇచ్చే ఆ భత్యం రెండు రోజుల పింఛన్ ఖర్చుకు కూడా రాదు.

కేరళలో ఆశ్వాసకిరణం పేరుతో మంచాన పడ్డవారిని చూసుకునేవారికి నెలకు 600 ఇచ్చే పథకం పెట్టారు. మొత్తం చిన్నది, అదీ సక్రమంగా అందడం లేదన్న ఫిర్యాదులున్నాయి. కానీ చూసుకునే మనిషిని ప్రభుత్వం గుర్తించింది. 2008 నాటి పాలియేటివ్ విధానం వల్ల అక్కడ పంచాయతీ నర్సు ఇంటికి వచ్చి పుండ్లు కడిగి, గొట్టం మార్చి, ఇంటివారికి ఎలా తిప్పాలో నేర్పి వెళ్తుంది. డబ్బు కన్నా ఇదే ముఖ్యమని మా అభిప్రాయం. సరిగ్గా తిప్పడం తెలియక పుండు పడితే, ఆ పుండే ప్రాణం తీస్తుంది.

మన దగ్గర ఇది అసాధ్యం అనే అధికారులకు ఒక మాట. 2025 ఆరంభంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 15,000 పింఛన్‌దారుల ఇళ్లకు డాక్టర్ల బృందాలను పంపింది. వైద్యం చేయడానికి కాదు, అర్హులా కాదా అని తనిఖీ చేయడానికి. అనర్హులను తీసేయడాన్ని మేము వ్యతిరేకించం. తనిఖీకి ఇల్లు వెతుక్కుంటూ రాగలిగిన డాక్టరు, నెలకోసారి వైద్యానికి ఎందుకు రాలేరు?

సంరక్షకులకు నెలకు 5,000 భత్యం నేరుగా వారి పేరు మీదే, వారి ఖాతాలోనే వేయాలి. గ్రామ ఆరోగ్య కేంద్రం నుంచి నర్సు నెలకు కనీసం రెండుసార్లు ఇంటికి రావాలి. నాట్లు, కోతల రోజుల్లో మండలానికి ఒకచోట పగటి పూట చూసుకునే ఏర్పాటు ఉండాలి. మతిమరుపు జబ్బును పింఛన్ కేటగిరీల్లో చేర్చాలి. కేంద్రం తన 200ను పెంచాలి. ఈ పనులు ఆశా కార్యకర్తల నెత్తిన ఉచితంగా రుద్దితే మాత్రం ఒప్పుకోం. ఒక ఆడమనిషి జీతం లేని చాకిరీని తగ్గించడానికి ఇంకో ఆడమనిషి చేత చాకిరీ చేయించడం పరిష్కారం కాదు.

గ్రామ శాఖలు వచ్చే నెల సమావేశం లోపు ఇలాంటి ఇళ్ల జాబితా రాయాలి. రోగి పేరు, ఏ పింఛన్ వస్తోంది, ఎవరు చూసుకుంటున్నారు, ఆమె ఎన్ని రోజుల పని మానుకుంది, ఎంత అప్పు అయింది అన్నవి చాలు. కౌలు రైతుల ఇళ్లను, ఒంటరి ఆడవారి ఇళ్లను వదలొద్దు. జాబితాలను మండల కమిటీ ద్వారా జిల్లా కార్యాలయానికి పంపితే, వాటినే పట్టుకుని కలెక్టర్ల దగ్గరకు వెళ్తాం.