గయ్యాళి అత్త నేర్పిన పాఠం

ఎవరైనా కాస్త గొంతు పెంచితే చాలు, మా అమ్మమ్మ "అబ్బో, సూర్యకాంతం!" అంటుంది. తెలుగువాళ్లకు అది ఒక నటి పేరు మాత్రమే కాదు, గయ్యాళితనానికి మారుపేరు. ఆ భయంతోనే ఆడపిల్లలకు ఆ పేరు పెట్టడం మానేశారని పెద్దలు నవ్వుతూ చెబుతారు. ఒక నటికి ఇంతకన్నా గొప్ప బిరుదు ఉండదని నా అభిప్రాయం.

సూర్యకాంతం గారు 1924లో కాకినాడ దగ్గర వెంకటకృష్ణరాయపురంలో పుట్టారు. 1950లో వచ్చిన 'సంసారం' సినిమాతో గయ్యాళి అత్తగా పేరు తెచ్చుకున్నారు. 'మాయాబజార్'లో ఘటోత్కచుడి తల్లి హిడింబి కూడా ఆవిడే. 1962లో ఎన్.టి.రామారావు, అక్కినేని నాగేశ్వరరావు, ఎస్.వి.రంగారావు, సావిత్రి, జమున అందరూ కలిసి నటించిన సినిమాకు పెట్టిన పేరేమిటో తెలుసా? 'గుండమ్మ కథ'! ఆ గుండమ్మ మన సూర్యకాంతమే. ఎడమచెయ్యి తిప్పుతూ ఆవిడ తిడుతుంటే మనకు కోపం రాదు, నవ్వొస్తుంది.

తెర మీద అందరినీ సాధించిన ఆవిడ మనసు మాత్రం వెన్న అంటారు. షూటింగుకు ఇంటి నుంచి రకరకాల వంటలు తెచ్చి, అందరికీ కొసరి కొసరి వడ్డించేవారట.

ఈ మాట అమ్మమ్మ చెప్పినప్పుడు నాకు నా సంగతే గుర్తొచ్చింది. నాన్నగారి బదిలీల వల్ల ఇది నాకు నాలుగో స్కూలు. ఇంతకుముందు ఉన్న ఊళ్లో నన్ను అందరూ 'మద్రాసీ' అనేవారు. "మాది మద్రాసు కాదు" అని వారం రోజులు పోట్లాడాను. ఎవరూ వినలేదు. మధ్యాహ్నం ఒక మూల కూర్చుని ఒక్కదాన్నే తినేదాన్ని.

వేసవి సెలవులయ్యాక పెద్ద డబ్బా నిండా పులిహోర తీసుకెళ్లి అందరి మధ్యా పెట్టాను. ఆ పేరు ఒక్కరోజులో పోలేదు. చివరిదాకా ఇద్దరు ముగ్గురు అలాగే పిలిచారు. కానీ వాళ్లలోనే ఒకమ్మాయి, "మళ్లీ ఆ పసుపు అన్నం ఎప్పుడు తెస్తావ్?" అని అడిగేది. ఆ ఊరు వదిలి వచ్చేటప్పుడు ఎక్కువ ఏడ్చింది కూడా తనే.

మనసు నొప్పించే మాటలను నోరు మూసుకుని భరించాలని నేననను. అలాంటప్పుడు టీచరుగారికి చెప్పి తీరాలి. కానీ ప్రతి పేరుతోనూ పోట్లాడుతూ కూర్చుంటే స్నేహానికి సమయమెక్కడిది? ఊళ్లు మారే మనకు ప్రతిచోటా ఎవరో ఒకరు ఏదో ఒక పేరు తగిలిస్తారు. అది వాళ్లిష్టం. మన డబ్బాలోది ఎవరితో పంచుకుంటామన్నది మాత్రం మనిష్టం.

సూర్యకాంతం గారు 1994లో కన్నుమూశారు. ఈసారి సెలవుల్లో అమ్మమ్మ, తాతయ్యల పక్కన కూర్చుని 'గుండమ్మ కథ' చూడండి. కడుపుబ్బ నవ్వండి. తర్వాత ఆవిడ గురించి వాళ్లనే అడగండి. నాకు తెలియని కబుర్లు ఇంకెన్నో చెబుతారు.