టెస్టింగ్ లేకుండా రిలీజైన మందు

"ఎల్ఎస్‌డీ వల్ల ఎవరూ చావరు బాసూ, గూగుల్ చేసి చూస్కో" అనే మాట మన ఐటీ కుర్రాళ్ల నోట చాలాసార్లే విన్నాను. అందులో కొంత నిజం లేకపోలేదు. ఎల్ఎస్‌డీ డోసు ఎక్కువై నేరుగా ప్రాణం పోవడం చాలా అరుదు. (మతి చెదరడం, మేడ మీంచి దూకడం వేరే లెక్క.) నా పేచీ అక్కడ కాదు. ఆ స్టాంపు సైజు కాయితంలో ఉన్నది ఎల్ఎస్‌డీనే అని మీకు చెప్పిందెవరు? అమ్మినవాడు. అంతేగా!

25ఐ-ఎన్‌బోమ్ అని ఒకటుంది. దీని పుట్టిల్లు ఏ దొంగ ల్యాబో కాదు, బెర్లిన్ ఫ్రీ యూనివర్సిటీ. రాల్ఫ్ హైమ్ అనే పరిశోధకుడి 2003 నాటి పీహెచ్‌డీ థీసిస్‌లో ఉంది. మెదడులో సెరొటోనిన్‌ని అందుకునే తాళాల్లో 5-హెచ్‌టీ2ఏ ఒకటి, దానికి సరిపడే తాళంచెవులు చెయ్యడం ఆయన పని. అమెరికాలో షుల్గిన్ మహాశయుడు అంతకుముందే చేసిపెట్టిన 2సీ-ఐ అణువుకి నైట్రోజన్ దగ్గర ఒక మిథాక్సీబెంజైల్ తోక తగిలించారు. మామూలుగా ఈ జాతి అణువులకి అక్కడ బరువు పెంచితే పని చెయ్యడం తగ్గుతుంది. ఇక్కడ మాత్రం తాళానికి అతుక్కునే శక్తి ఎన్నో రెట్లు పెరిగింది.

ల్యాబులో ఇది బంగారం. దీని తోబుట్టువు 25బీకి రేడియోధార్మిక కార్బన్ తగిలించి, అతి సూక్ష్మ పరిమాణంలో ఇచ్చి, కోపెన్‌హాగెన్‌లో మనుషుల మెదడుని పెట్ స్కాన్ చేశారు కూడా.

2010 ప్రాంతంలో ఇది ఆన్‌లైన్ అమ్మకానికొచ్చింది. మత్తు డోసులో మనిషికి ఏమవుతుందో ఎవరూ పరీక్షించలేదు. ఆల్ఫా లేదు, బీటా లేదు, డైరెక్టుగా ప్రొడక్షన్! మిల్లీగ్రాము లోపే పనిచేస్తుంది కాబట్టి కాయితం ముక్కలో ఇమిడిపోతుంది, అందుకే ఎల్ఎస్‌డీ పేరుతో అంటగట్టడం తేలికైంది. కానీ ఎల్ఎస్‌డీ పార్షియల్ అగోనిస్ట్, అంటే వాల్యూమ్ నాబ్‌ని కొంతవరకే తిప్పగలదు. ఇది చాలా దూరం తిప్పేస్తుంది. రక్తనాళాలు బిగుసుకుంటాయి, ఒళ్లు కాలిపోతుంది, ఫిట్స్ వస్తాయి, కండరాలు చితికి కిడ్నీలు దెబ్బతింటాయి. 2012లో అమెరికాలోని గ్రాండ్ ఫోర్క్స్ ప్రాంతంలో ఇద్దరు టీనేజర్లు పోయారు. 2013 నవంబర్లో అమెరికా, 2015లో ఐక్యరాజ్యసమితి నిషేధపు జాబితాలో పెట్టాయి.

మరి తప్పు థీసిస్ రాసినవాడిదా? పర్డ్యూ యూనివర్సిటీలో ఇవే అణువుల మీద పనిచేసిన డేవిడ్ నికల్స్ 2011లో నేచర్ పత్రికలో ఈ బాధ గురించే రాశారు. ఆయన ఎలకల మీద పరీక్షించి ప్రచురించిన ఎంటీఏ అనే వేరే అణువుని ఎవరో మాత్రలు చేసి అమ్మితే మనుషులు చచ్చిపోయారు. చదివితే జాలేసింది. అలాగని పేపర్లు దాచిపెట్టమంటే నేనొప్పుకోను. సెక్యూరిటీ లోపం గురించి రాసినవాడినీ, దాంతో బ్యాంకు దోచినవాడినీ ఒకే గాటన కట్టం కదా! నా దృష్టిలో దోషి లేబుల్ మార్చి అమ్మినవాడే. ఇక కొనేవాళ్ల సంగతంటారా, ఒక ప్రోడక్టు డాక్యుమెంటేషన్ చదివి ఇంకో ప్రోడక్టు ఇన్‌స్టాల్ చేసుకోవడమే.

2017లో హైదరాబాద్‌లో ఎల్ఎస్‌డీ బ్లాట్ల కేసు బయటపడినప్పుడు నేను ఇంజనీరింగ్‌లో ఉన్నాను. హాస్టల్లో చర్చంతా ఏ హీరోని విచారణకి పిలిచారన్నదే. ఆ కాయితాల్లో ఏముంది అన్న ప్రశ్న ఒక్కడి నోటా రాలేదు.

అన్నట్టు, దీనికి విరుగుడు మందు లేదు. ఫిట్స్ ఆపే మందులిచ్చి, ఒళ్లు చల్లబరిచి, కిడ్నీలు కాపాడుకోవడమే వైద్యం. పక్కనున్నవాడు కాయితం నాలిక మీద పెట్టుకుని వేడెక్కిపోతుంటే "దిగిపోతుందిలే" అని కూర్చోకుండా 108కి ఫోన్ కొట్టండి. డాక్టరుతో "ఎల్ఎస్‌డీ అని చెప్పి అమ్మారు, ఏమిటో తెలీదు" అని చెప్పండి.