వృత్తిచికిత్సకులకు పరిశోధనవిద్య

ధర్మవరమున గుంటమగ్గముపై పట్టుచీర నేయువాని కుడిచేయి పక్షవాతముచే పడిపోయిన దనుకొందము. వైద్యుడు ప్రాణము నిలుపును. మందు రక్తపుపోటు నణచును. పిదప ఇల్లు చేరినవాడు మరల నాడె విసరగలడా, తన యన్నము తానే కలుపుకొనగలడా యను ప్రశ్నకు బదులు చెప్పువా రెవరు? ఆ బదులు చెప్పుటయే ఆక్యుపేషనల్ థెరపీ యను విద్యకు పని. దీనిని వృత్తిచికిత్స యందుము. ఇందు వృత్తి యనగా జీవనోపాధి మాత్రమే కాదు. స్నానము, భోజనము, బాలుని చదువు, ఇల్లాలి వంట, మనుష్యుడు దినదినము చేయు పనులన్నియు నిందు చేరును.

అమెరికాలో పుట్టి ఈ దేశపు కోడలైన కమలా నింబ్కరు గారు 1950లో బొంబాయి కె.ఇ.యం. ఆస్పత్రియందు మన దేశమున ఈ విద్యకు తొలి శిక్షణాలయమును నెలకొల్పిరి. 1952లో ప్రపంచసమాఖ్యను స్థాపించిన పది దేశములలో భారతదేశ మొకటి. 2021లో కేంద్రప్రభుత్వము అనుబంధ ఆరోగ్యవృత్తులకు జాతీయసంఘము నేర్పరచు చట్టము చేసినపుడు ఈ వృత్తికిని అందు స్థానము దొరకెను. ఇంత ప్రాచీనత గల విద్యయందు, పని చేయుచున్న చికిత్సకుడు డాక్టరేటు సంపాదింపవలెనన్న నేడు పడు పాట్లు చూడుడు. ఉద్యోగము మానుకొని దూరపు నగరమునకు పోవలెను; లేదా ఆ యాస చంపుకొనవలెను. పదియేండ్లు రోగులను చూచి గడించిన ప్రశ్నలు వానితోనే యుండిపోవును.

శాసనము అడ్డు వచ్చుచున్నదా యన్న, అదియును గాదు. విశ్వవిద్యాలయ నిధులసంఘమువారి 2022 నాటి నిబంధనలు యజమాని యొప్పుకోలుపత్రముతో ఉద్యోగము చేయుచునే పి.హెచ్.డి. చదువుట కనుమతించుచున్నవి. తలుపు తెఱచియేయున్నది, గడపదాట వెసులుబాటే లేదు.

"ఊళ్లలో మామూలు చికిత్సకులే అరుదు, డాక్టరేట్ల మాట యెందుకు?" అని కొందఱందురు. ఆక్షేపణ తీసివేయదగినది కాదు. కాని చికిత్సకులు కావలెనన్న కళాశాలలు కావలెను, కళాశాలలకు బోధకులు కావలెను. ఆ బోధకులు మగ్గపుగుంట నెన్నడును చూడనివారైన, విద్యార్థికి పరదేశపు వంటగదిని గూర్చియే పాఠము చెప్పుదురు. చింతపండు గింజ తీయుచు దినమెల్ల క్రింద గూర్చుండు హిందూపురపు స్త్రీల నడుమునొప్పి నెవరు కొలిచిరి? 1565 పిదప విజయనగరరాజులకు రాజధానియైన పెనుగొండ చెంత 2019 నుండి కియావారి మోటారుకార్లు తయారగుచున్నవి. ఒకే కదలికను దినమంతయు చేయు కార్మికుని మణికట్టు పదియేండ్లకు ఏమగును? ఇవి ఈ మూడు పట్టణములలో నుండి పని చేయువాడు మాత్రమే చక్కగా వ్రాయదగిన సిద్ధాంతగ్రంథములు.

బిరుదుపిచ్చి మాత్రము వలదు. అమెరికావారు 2027 నాటికి ఈ వృత్తిలో ప్రవేశించుటకే డాక్టరేటు తప్పనిసరి యని 2017లో శాసించి, ఖర్చును గూర్చియు బోధకుల కొఱతను గూర్చియు గగ్గోలు పుట్టగా 2019 నాటికి వెనుకకు తగ్గిరి. క్రొత్తగా చేరువానిపై పెద్ద చదువు రుద్దుట వేఱు, అనుభవము గలవాని ప్రశ్నకు సాధన సమకూర్చుట వేఱు. మేము కోరునది రెండవది. కత్తియు మాత్రయు లేని డాక్టరును చూచి మన సంతలో నలుగురు నవ్విన నవ్వవచ్చును. నేతగాని చేయి లేచిననాడు వారే నమస్కరింతురు.

విజయవాడలోని డాక్టరు ఎన్.టి.ఆర్. ఆరోగ్యవిశ్వవిద్యాలయమువారు మార్గదర్శకులను చూపవలెను. బత్తలపల్లి ఆస్పత్రివంటివి, పుట్టపర్తిలో 1991లో తెఱచిన వైద్యసంస్థవంటివి పరిశోధనకు తావీయవచ్చును. గ్రంథము ముగిసినపుడు దాని సారము తెలుగున నేతసంఘములకు చేరవలెను. ఇక మిగిలినది కాలము. ఒక్క చికిత్సకునికి వారమునకు రెండు దినములు జీతముతో విడిచిపెట్టుటకు మన పట్టణములలో ఏ యాస్పత్రి యజమాని ముందు సమ్మతించునో చూడవలెనని మాకు కుతూహలముగా నున్నది.