బొమ్మల కథల అంగడి: మంచి చెడ్డలు

పుస్తకములను గూర్చి చర్చించువారు మనలో పెక్కుమంది కలరు. పుస్తకములను అమ్మువానిని గూర్చి చర్చించువారు అరుదు. కవి యెవరు, కావ్యమెట్టిది, అచ్చు ఎట్లున్నది అని విచారింతుము. ఆ కావ్యమును మన చేతికందించిన అంగడివానిని మాత్రము జ్ఞప్తియందుంచుకొనము. పిల్లల పుస్తకముల విషయమున ఈ ఉపేక్ష మఱింత హెచ్చు. అందును బొమ్మల కథలనగా చదువునకు చెఱుపని తలంచు పెద్దలకు, వానిని అమ్మునట్టి అంగడి యొకటి యుండుటయే అనవసరముగా తోచును. ఆ పెద్దలలో నేనును ఒకడనై యుంటిని. ఆ తప్పును కొంతవఱకైనను దిద్దుకొనుటకు ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

2025 జనవరిలో అమెరికాలో డైమండ్ కామిక్ డిస్ట్రిబ్యూటర్స్ అను టోకు వర్తకసంస్థ అప్పులు తీర్చజాలక, దివాలా చట్టము క్రింద రక్షణ కోరుచు న్యాయస్థానమునకు పోయినది. మనవారిలో ఈ వార్తను గమనించినవారు కొద్దిమందియే యుండవచ్చును. కాని ఆ దేశమున ఊరూరనున్న చిన్న చిన్న కామిక్స్ అంగళ్లకు ఇరువదియేండ్లకు పైబడి సరుకులో చాల భాగము ఆ యొక్క సంస్థ ద్వారముననే చేరుచుండెను. అక్కడ స్థిరపడిన తెలుగువారి బిడ్డలును ఆ అంగళ్ల గుమ్మములు త్రొక్కుచున్నారు. కనుక ఆ అంగడి యేమి, దానిలో మంచి యేది, చెడ్డ యేది అని విచారించుట మనకు పరాయి సంగతి కాదు.

రెండు అంగళ్లు

2025 వేసవిలో న్యూజెర్సీలోనున్న మా అన్నగారి కుమారుని యింట కొన్ని వారములుంటిని. అతని కొడుకునకు పదియేండ్లు. ఒక శనివారమునాడు వాడు, "చిన్నతాతగారూ, నాతో కామిక్స్ షాపుకు వస్తారా?" అని యడిగినాడు. తండ్రి కారు నడుపగా మువ్వురము బయలుదేరితిమి.

మొదట వెళ్లిన అంగడి చీకటిగానుండెను. గోడలనిండ ప్లాస్టిక్ తొడుగులలో పాత సంచికలు, వానిపై వెలచీట్లు, ప్రక్కన "ముట్టరాదు" అను పలక. బల్లయొద్ద నిలిచి అంగడివానితో ముచ్చటించుచున్న పాత బేరగాండ్రు ఇద్దరు మమ్ము చూచి మాట నాపి, మరల తమ ముచ్చటలో మునిగిపోయిరి. స్పైడర్‌మాన్ కథను ఎచ్చటనుండి మొదలిడవలెనని మావాడు అడుగగా, అంగడివాడు తలయెత్తకయే ఏ స్పైడర్‌మాన్ అని ప్రశ్నించినాడు. పిల్లవాడు తెల్లబోయినాడు. తుదకు ఒక సంచిక చూపి, దీనిని కొని విప్పకుండ దాచుకొన్నచో కొన్నేండ్లకు వెల పెరుగునని సెలవిచ్చినాడు. వెలుపలికి వచ్చినపిమ్మట మావాడు నన్నడిగిన ప్రశ్న యిది: "విప్పకపోతే కథ ఎలా తెలుస్తుంది తాతగారూ?"

రెండవ అంగడి అచ్చటికి నాలుగైదు మైళ్ల దూరము. పిల్లల చేతికందు ఎత్తున ఒక అఱ. దాని ముందు రెండు చిన్న పీటలు. అంగడి యజమానురాలు నడివయసు స్త్రీ. ఆమె మావానిని ఏమి కావలెనని యడుగలేదు. ఇంతకుముందు ఏమి చదివితివి, అందులో నీకు నవ్వు వచ్చిన చోటేదని యడిగినది. వాడు చెప్పినది సాంతము విని, వెదకి యొక పుస్తకము తీసి చేతికిచ్చి, నచ్చనిచో మరల వచ్చి ఎందుకు నచ్చలేదో చెప్పుమన్నది. ఆమె వెనుకనున్న అఱలలో పేర్లు వ్రాసిన అట్టపెట్టెలు వరుసగానుండెను. నెలనెల ఫలానా పత్రిక తమకు కావలెనని ముందుగా చెప్పినవారి ప్రతులు ఆ పెట్టెలలో వేచియుండును. తన పేరనుకూడ ఒక పెట్టె యుండవలెనని మావాడు పట్టుపట్టినాడు, తండ్రి యొప్పుకొన్నాడు. మావాని పేరు పొడవైనది. అక్కడి బళ్లలో దానిని తుంచి సగము చేసినారు. ఆమె మాత్రము ఒక్కొక్క యక్షరము అడిగి తెలిసికొని, ఎట్లు పలుకవలెనో రెండుమారులు పలికి చూచుకొని, పూర్తిపేరు వ్రాసినది.

నష్టమెవరిది?

రెండంగళ్లలోను సరుకొక్కటే, వెలలును ఇంచుమించు ఒక్కటే. భేదము మర్యాదలోనే యున్నదని తేల్చివేయుట సులభము. కాని ఒక అంగడి యేల అట్లయినది, వేఱొకటి యేల ఇట్లయినది అని తఱచి చూచినచో, ఆ వర్తకపు పునాదిలోనే కారణము కనబడును.

పూర్వము అమెరికాలో కామిక్స్ పత్రికలు వార్తాపత్రికల కొట్లలోను, మందుల షాపులలోను, కిరాణా అంగళ్లలోను అమ్ముడగుచుండెను. 1938లో సూపర్‌మాన్ తొలుత కనబడిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక వెల 10 సెంట్లు. అమ్ముడుపోని ప్రతులను వాపసు చేయు సౌకర్యముండుటచే చిల్లర వర్తకునకు నష్టభయము లేదు. అట్లే ఆ పత్రికలపై అతనికి శ్రద్ధయు లేదు. 1973 ప్రాంతమున న్యూయార్కు నగరమున బ్రూక్లిన్‌లో ఇంగ్లీషు బోధించు ఫిల్ స్యూలింగ్ అను ఉపాధ్యాయుడు ప్రకాశకులతో క్రొత్త యొడంబడిక చేసికొన్నాడు. సరుకును నేరుగా ఎక్కువ తగ్గింపు ధరకు ఈయవలెను; అందుకు బదులుగా అమ్ముడుపోనిది వాపసు చేయరాదు. కామిక్స్ కొఱకే ప్రత్యేకించిన అంగడి దేశమంతట వ్యాపించుటకు ఈ యొడంబడికయే దారితీసినది.

దీని ఫలితమును చిన్న లెక్కతో చూడవచ్చును. వెల నాలుగు డాలర్లున్న సంచిక అంగడివానికి రెండు డాలర్లకు వచ్చినదనుకొందము. ఇరువది ప్రతులు తెప్పించిన నలువది డాలర్లు వ్యయము. పదునాలుగు అమ్మినచో చేతికి ఏబదియాఱు వచ్చును, పదునాఱు మిగులును. పదియే అమ్మినచో పెట్టుబడి మాత్రము తిరిగివచ్చును. అద్దెకు, దీపమునకు, జీతమునకు చిల్లిగవ్వ లేదు. ఎన్ని ప్రతులు కావలెనో అతడు సంచిక వెలువడుటకు వారముల ముందే, అది చదువకయే, నిర్ణయింపవలెను. తక్కువ తెప్పించినచో వచ్చినవాడు వట్టిచేతులతో పోవును. ఎక్కువ తెప్పించినచో నష్టము అంగడివాని నెత్తిపై పడును. వ్రాసినవాడు, ముద్రించినవాడు, టోకున పంచినవాడు—వీరందఱిలో ఎక్కువ నష్టమునకు తలయొగ్గువాడు మిక్కిలి చిన్నవాడైన చిల్లర వర్తకుడే.

ఈ చిక్కునుండి తప్పించుకొనుటకు అతనికి రెండు దారులు కలవు. మొదటిది తన పాఠకులను ఎఱుగుట. ఎవరు ఏమి చదువుదురో, ఎవరికి ఏది నచ్చునో తెలిసినవానికి ఇరువది తెప్పించవలెనో పదునైదు తెప్పించవలెనో తెలియును. ఆ పేర్లు వ్రాసిన అట్టపెట్టెలు మర్యాద కొఱకు మాత్రమే కాదు. ఆ వర్తకమునకు ప్రాణాధారములు. రెండవది కాగితమును బంగారముగా మార్చజూచుట. నేడు అమ్ముడుపోనిది రేపు అరుదైన వస్తువై పదింతలకు పోవునని ఊరించి అమ్ముట.

రెండవ దారి ఎచ్చటికి చేర్చునో 1990 తరువాతి చరిత్ర చెప్పుచున్నది. 1991లో ఎక్స్-మెన్ క్రొత్త వరుస మొదటి సంచికను ఒకే కథకు వేఱువేఱు ముఖచిత్రములు తగిలించి విడుదల చేయగా 80 లక్షలకు పైగా ప్రతులు అంగళ్లకు చేరినవి. 1992లో సూపర్‌మాన్ మరణించిన సంచికను నల్లని సంచిలో పెట్టి అమ్మగా జనులు బారులుదీరిరి. పెక్కుమంది సంచి విప్పకయే దాచుకొనిరి. అందఱును దాచుకొన్న వస్తువు అరుదు కానేరదను చిన్న సత్యము వారికి ఆలస్యముగా తెలిసినది. యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక ప్రతి యొకటి 2024లో 60 లక్షల డాలర్లకు అమ్ముడైన మాట నిజమే. కాని పిల్లలు దానిని చదివి, నలిపి, చించి పారవేయుటచేతనే మిగిలిన ప్రతులకు ఆ విలువ వచ్చినది. వేలంవెఱ్ఱి తగ్గగానే పెక్కు అంగళ్లు మూతపడెను. 1996 డిసెంబరులో మార్వెల్ సంస్థయే దివాలా చట్టము నాశ్రయించినది. టోకు వర్తకులు ఒకరి తరువాత నొకరు తొలగిపోయి డైమండ్ ఒక్కటే పెద్దదిగా నిలిచినది.

ఒక్క కొమ్మపై గూడు కట్టిన పక్షులకు ఆ కొమ్మయే గతి. 2020లో మహమ్మారి కాలమున డైమండ్ కొన్ని వారములు సరఫరా నాపగా అంగళ్లకు క్రొత్త సరుకు కఱవైనది. ఆ యేడే డి.సి. సంస్థయు, 2021లో మార్వెల్‌యు వేఱు పంపిణీదారులను చూచుకొన్నవి. దివాలా తరువాత, చిన్న ప్రకాశకులు అమ్మిపెట్టుటకై అప్పగించిన పుస్తకములను సైతము అప్పు క్రింద అమ్మివేయుటకు అనుమతి నిమ్మని 2025లో న్యాయస్థానమును కోరుట జరిగినది. అనగా ఎవరికిని వాపసు లేని వర్తకములో తుదకు చిన్నవానికి తన సొంత సరుకే వాపసు దొరకుట కష్టమైనది.

మంచి అంగడి లక్షణములు

ఇంత చూచినపిమ్మట మంచి అంగడి లక్షణములు చెప్పుట కష్టము కాదు. ఎంత అరుదైన సంచికలున్నవనుట దానికి గీటురాయి కాదు. క్రొత్తగా వచ్చిన పిల్లవాడు రెండవమారు వచ్చునా రాడా యనునదే గీటురాయి. మంచి అంగడిలో అజ్ఞానము అవమానము కాదు. ఎనుబది యేండ్లుగా సాగుచున్న కథలలో ఎచ్చట మొదలిడవలెనని యడుగుట సహజము. దానికి ఓపికతో ఒక్క పుస్తకము చూపగలవాడే పండితుడు. స్త్రీలును పిల్లలును జంకు లేక తిరుగగలుగుట రెండవ లక్షణము. ది సింప్సన్స్ అను హాస్యచిత్రములో కామిక్స్ అంగడివానిని గర్విష్ఠిగా, వచ్చినవారిని వెక్కిరించువానిగా చిత్రించి లోకమును నవ్వించుటకు కారణము, అట్టివారిని జనులు ఎఱిగియుండుటయే. అంగడివాడు తాను చదివి, నచ్చినదానిని పేరు లేని రచయితదైనను చేతికిచ్చుట మూడవది. బ్రతికియున్న చిత్రకారునకు దీనికంటె గొప్ప సత్కారము లేదు.

దీనికి ఎదురు వాదమొకటి కలదు. అన్ని పుస్తకములును ఇంటర్నెట్టులో ఇంటికే వచ్చుచుండగా, గ్రంథాలయములలో బొమ్మల కథలు నిండియుండగా, ఈ అంగడి పోయిననేమి? ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. బీదపిల్లలకు గ్రంథాలయమును మించినది లేదు. కాని కోరినదానిని తెచ్చి యిచ్చుట వేఱు. కోరుటకు తెలియనిదానిని చూపుట వేఱు. యంత్రము మనము నిన్న కొన్నదానిని బట్టి నేడు చూపును. ఆ యజమానురాలు మావాడు ఎచ్చట నవ్వెనో యడిగినది.

మన సంగతి

ఇట్టి అంగడి మనకు క్రొత్త కాదు. నా బాల్యమున గుంటూరు జిల్లాలోని మా యూరి బస్సు స్టాండు చేరువ అద్దె పుస్తకముల కొట్టు ఒకటి యుండెను. చందమామ, బాలమిత్ర, బొమ్మరిల్లు, తెలుగులో వచ్చిన అమర చిత్ర కథలు పది పైసలకు రోజు అద్దెకు దొరకెడివి. కొట్టువాడు పెద్దగా చదువుకొన్నవాడు కాడు. కాని పొడవాటి ఖాతా పుస్తకమున మా పేర్లన్నియు వ్రాసికొని, ఎవడు ఏది చదివెనో, ఎవడు పుట చించెనో ఎఱిగియుండెడివాడు. "ఇది నీకిప్పుడు వద్దురా, వచ్చే ఏడు చదువుదువుగాని" అని కొన్ని పుస్తకములు వెనుకకు పెట్టెడివాడు. న్యూజెర్సీలోని అట్టపెట్టెలను చూచినప్పుడు నాకు ఆ ఖాతా పుస్తకము కన్నులకు కట్టినది. 1947 జులైలో మదరాసున పుట్టిన చందమామ 2013తో ఆగిపోయినది. కొట్టు అంతకుముందే పోయినది. అచ్చట నేడు సెల్‌ఫోన్ తొడుగులు అమ్ముచున్నారు.

వానిని కాలము మ్రింగినదని నిట్టూర్చుట మనకలవాటు. కాలమొక్కటే కాదు, మనమును కొంత మ్రింగితిమి. 1954లో అమెరికాలో ఫ్రెడ్రిక్ వెర్థామ్ అను మానసిక వైద్యుడు కామిక్స్ పిల్లలను చెఱచునని గ్రంథము వ్రాయగా, సెనెట్ ఉపసంఘము విచారణ జరిపినది. భయపడిన ప్రకాశకులు తమకు తామే కట్టుబాట్లు విధించుకొనిరి. మనకు సెనెట్ అక్కఱలేకపోయినది. ఇంటింట తల్లిదండ్రులును, బడిబడిని ఉపాధ్యాయులును ఆ పని నెఱవేర్చిరి. నేను ఉద్యోగములో చేరిన తొలి యేండ్లలో, ప్రబంధ పాఠము సాగుచుండగా బల్లక్రింద బొమ్మల పుస్తకము చదువుచున్న విద్యార్థి చేతినుండి దానిని లాగికొని సొరుగులో పడవేసితిని. ఒక ఉపాధ్యాయుడు అక్కడ అంగళ్లకు దారి వేసినాడు. ఇక్కడ ఈ ఉపాధ్యాయుడు ఉన్న పాఠకుని పోగొట్టుకొన్నాడు.

అక్కడి మన తల్లిదండ్రులకు నేను విన్నవించునది యిది: బిడ్డను అట్టి మంచి అంగడికి తీసికొనిపోయి, కొంచెము దూరముగా నిలువుడు, ఏది కొనవలెనో వానినే తేల్చుకొననిండు. ఇక్కడి ప్రకాశకులకు విన్నవించునది: తెలుగులో బొమ్మల కథలు వేయదలచినచో, చిన్న అంగడివానికి అమ్ముడుపోని ప్రతులలో కొంత భాగమైనను వాపసు తీసికొనుడు, నష్టమంతయు అతనిపై మోపినచో అతడు సెల్‌ఫోన్ తొడుగులే అమ్ముకొనును. ఉపాధ్యాయులకు చెప్పుటకు నాకు అధికారము లేదు. నేను లాగికొన్న పుస్తకమును ఆ విద్యార్థి మరల అడుగలేదు, నేనును ఈయలేదు. ఆ సంవత్సరమంతయు అతడు నా పాఠములో బల్లపై ప్రబంధమునే తెఱచియుంచెను. దానిని చదివెనని మాత్రము నేను చెప్పజాలను.