రెండు గ్లాసులు సెల్లులోకి ఎక్కాయి

మన ఊళ్ళ టీ హోటళ్ళలో రెండు గ్లాసులుండేవి. మన గ్లాసు బయట, చూరులో. తాగి మనమే కడిగి పెట్టాలి. 1950లో రాజ్యాంగం అంటరానితనాన్ని రద్దుచేసినా ఆ గ్లాసు కదల్లేదు. కాగితం కప్పులొచ్చాక చాలాచోట్ల మాయమైంది. హోటలాయన మనసు మారిందో, గ్లాసుల ఖర్చు తప్పిందో ఆయన్నే అడగాలి.

ఇప్పుడు మేము చదువు చెప్పిన వాడ పిల్లలు హైదరాబాదు ఏసీ హోటళ్ళలో గదులు ఊడుస్తున్నారు, లెట్రిన్లు కడుగుతున్నారు. పండక్కొచ్చిన ఒకణ్ణి "పనెట్లుందిరా" అనడిగాం. "సూపర్వైజరు తిట్టి మర్చిపోతాడు సారూ, సెల్లు మర్చిపోదు" అన్నాడు. ఏ గది ముందు, ఎన్ని నిమిషాల్లో, అంతా సెల్లే చెబుతుందట. గదిలో దిగిన పెద్దమనిషి ఐదు చుక్కలకు రెండే పెట్టిపోతే ఆ నెల జీతంలో కోత. దుప్పటికి మరకుంటే అది లాండ్రీ తప్పు, కోత మాత్రం వీడికి. ఎదురు చెప్పుకునే మీట అందులో లేదు. మనిషికైతే మొర పెట్టుకోవచ్చు.

మిషన్లు వద్దని మేమనం. కానీ ఎవరి పనికి వస్తున్నాయో చూడండి. పిండి రుబ్బేవాడికి గ్రైండరొచ్చి ఎన్నేళ్ళయింది! ఎంగిలి ప్లేట్లు కడిగే మనోళ్ళ చేతులు ఇంకా సోడా నీళ్ళల్లోనే నానుతున్నాయి.

2024 మార్చిలో జొమాటో కంపెనీ శాకాహారుల తిండి మోయడానికి వేరే మనుషులు, వాళ్ళకు ఆకుపచ్చ చొక్కాలు అంది. గోల కాగానే మర్నాడే చొక్కాల మాట వెనక్కి తీసుకుంది. మనుషుల్ని వేరుచేసే మాట మాత్రం తీసుకోలేదు. ఇంకేం సాక్ష్యం కావాలి?

ఈసారి పండక్కి వచ్చే పిల్లల్ని సంఘం మీటింగుకు పిలవండి. చుక్కల పేరు చెప్పి ఎవరికెంత కోశారో నోటుపుస్తకంలో రాయించండి. కూలి రేట్ల పక్కనే ఆ లెక్క కూడా లేబరాఫీసరు ముందు పెడదాం.