డౌన్‌లోడ్ లింకు పెడితే సరిపోదు

మన కుటుంబం సైట్‌లో తాతల నాటి ఉత్తరాలు, శుభలేఖలు, భూమి కాగితాలు స్కాన్ చేసి పెడుతున్నాం. ఒక్కోదానికి ఒక డౌన్‌లోడ్ లింకు, అంతే. ఇది చాలదని మా అభిప్రాయం. కాగితం సైట్ పేజీలోనే తెరుచుకోవాలి, పక్కనే దాని పాఠం టైపు చేసి ఉండాలి.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడేదాకా కోరాపుట్, రాయగడ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. ఆనాటి మన ఇంటి రాతకోతలు తెలుగులోనే సాగాయి. తర్వాత పిల్లల చదువు ఒడియాలోకి మారింది. కన్నడ మీడియంలో చదివిన మాకు లిపి దగ్గరగా ఉండబట్టి తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చింది. ఒడియా లిపితో ఆ వీలు లేదు. రాయగడలో మన పిల్లలు ఇంట్లో తెలుగు చక్కగా మాట్లాడతారు, ముత్తాత ఉత్తరం చేతికిస్తే మాత్రం తెల్లమొహం వేస్తారు.

పేజీలో చూపించడమంటే ఐఫ్రేమ్‌లో పీడీఎఫ్ అతికించేయడం కాదు. అది కంప్యూటర్‌లో బాగానే కనిపిస్తుంది, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో తెరుచుకోదు. మన చిన్నాన్నలూ పెద్దమ్మలూ చూసేది ఫోన్లోనే కదా! మొజిల్లా వాళ్లు 2011లో మొదలుపెట్టిన పీడీఎఫ్.జేఎస్ ఉచితం, మన సైట్‌లోనే నడుస్తుంది. సర్వర్ ఫైలును ముక్కలుగా పంపగలిగితే, మొత్తం దిగేదాకా ఆగకుండా మొదటి పేజీ చూపించేస్తుంది. మా ఓటు దానికే.

అయితే స్కాన్ అంటే వట్టి బొమ్మ. ఇంటిపేరు కొట్టి వెతికితే దొరకదు. తెలుగు వికీసోర్స్‌లో పాత పుస్తకం పేజీ బొమ్మ పక్కనే టైపు చేసిన పాఠం పెట్టుకుని సరిచూస్తారు. మనకీ ఆ పద్ధతే కావాలి. యూనికోడ్‌లో టైపు చేస్తే వెతకొచ్చు, ఫోనుచేత చదివించుకోవచ్చు కూడా. అక్షరాలు రాని పిల్లలు కనీసం వింటారు.

ఇంకో మాట. వ్యూయర్‌లో డౌన్‌లోడ్ బటన్ దాచేస్తే కాగితం భద్రమని కొందరి నమ్మకం. టెస్టింగ్ పనిలో ఉన్న మేము చెప్పేదొకటే: తెర మీద కనిపించిందంటే ఆ ఫోనులోకి దిగినట్టే. బతికున్నవాళ్ల సంతకాలు, సర్వే నంబర్లు ఉన్న కాగితాలు లాగిన్ ఉన్న మనవాళ్లకే కనపడాలి, లేదా అసలు పెట్టకూడదు.

వ్యూయర్ ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. ఆ గొలుసుకట్టు రాత చదవగల పెద్దలు మాత్రం ఎల్లకాలం ఉండరు. అందుకని వాళ్ల దగ్గర కూర్చుని వారానికి ఒక ఉత్తరమైనా చదివించుకుని టైపు చేద్దాం. ముందు ఆ పని కానివ్వండి.